తుప్పు కాపాడిన మాటలు

(రేడియో ప్రసంగ పాఠము)

ఈ వారం ఒక చిన్న వస్తువును గురించి మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. ఒకప్పుడు మన ఇళ్లలో ప్రతి గూటిలోనూ ఉండేది. ఇప్పుడు ఎవరికీ అక్కరలేదని మనమనుకుంటున్నాం. అదే టేపు. క్యాసెట్టులో తిరిగే ఆ గోధుమరంగు రిబ్బను.

2018వ సంవత్సరం అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు నేలకొరిగిన సంగతి మీలో చాలామంది కళ్లారా చూశారు. నేను పుట్టి పెరిగిన సంఘం ఆ ప్రాంతంలోనిదే. నీళ్లు తీసిన తరువాత మేము వెళ్లి మందిరంలోని రేకు పెట్టె తెరిచాము. బాప్తిస్మపు రిజిస్టరు తడిసి ముద్దైపోయింది. అడుగున ఒక పాత పంచె ముక్కలో చుట్టిన పదకొండు క్యాసెట్లు ఉన్నాయి. కొన్నింటి మీద తెల్లగా బూజు పట్టింది. అక్కడ నిలబడి చూస్తున్న ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది. "అయ్యగారూ, మా అయ్య పాట ఇందులోనే ఉంది బాబూ. ఒక్కసారి ఇనిపించండి" అని అడిగింది. ఆమె తండ్రి మా ఊరికి ఉపదేశిగా ఉండి, ఇల్లిల్లూ తిరిగి పాడిన మనిషి. ఎప్పుడో 1980ల ఆరంభంలో వచ్చిన సువార్తికులు ఆయన చేత ఒక పాట పాడించి రికార్డు చేసి, ఆ క్యాసెట్టు సంఘానికి ఇచ్చి వెళ్లారు. ఆయన గొంతుకు ఉన్న గుర్తు అదొక్కటే.

ఆ పాట సంగతి చివరలో చెబుతాను. ముందుగా ఈ టేపు ఎక్కడి నుండి వచ్చింది, ఏమేమి మోసింది, ఇప్పుడు ఎక్కడ ఉన్నది అన్న చరిత్ర వినండి.

1898లో డెన్మార్కు దేశస్థుడైన వాల్డెమార్ పౌల్సెన్ ఒక ఉక్కు తీగ మీద అయస్కాంత శక్తితో మనిషి మాటను నిలపవచ్చునని కనిపెట్టాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆ యంత్రాన్ని చూపించినప్పుడు ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసఫ్ దానిలో కొన్ని మాటలు మాట్లాడాడు. ఆ చక్రవర్తి పోయాడు, ఆ సామ్రాజ్యమూ పోయింది. ఆ తీగ మీది మాటలు మాత్రం నేటికీ వినిపిస్తున్నాయి.

అయితే ఉక్కు తీగ బరువు, ఖరీదు, చిక్కుపడే గుణం. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ అనే ఇంజనీరు మరొక ఆలోచన చేశాడు. పలుచని కాగితపు పట్టీ మీద ఇనుప పొడిని జిగురుతో అంటించాడు. తరువాత కాగితానికి బదులు ప్లాస్టిక్కు, ఇనుప పొడికి బదులు ఐరన్ ఆక్సైడ్ వచ్చాయి. ఐరన్ ఆక్సైడ్ అంటే ఏమిటి? మన ఇళ్లలో గడ్డపారకూ, గొలుసుకూ పట్టే తుప్పు జాతికి చెందినదే. అందుకే టేపుకు ఆ గోధుమరంగు. ప్రియులారా, తుప్పు అనగానే ధనాన్ని తినివేసే వస్తువుగా మన ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పిన సంగతి మనకు గుర్తుకు వస్తుంది. అది నిజమే. కానీ అదే తుప్పును మెత్తగా నూరి, పట్టీకి పూసి, మనిషి తన మాటలను దానికే అప్పగించాడు. వింతగా లేదూ?

ఇది ఎలా పనిచేస్తుంది? ఆ పొడిలోని ఒక్కొక్క రేణువు ఒక చిన్న సూదంటురాయి వంటిది. టేపు 'హెడ్' అనే చిన్న విద్యుదయస్కాంతాన్ని తాకుతూ జరుగుతుంది. మైకు నుండి వచ్చే కరెంటు హెచ్చుతగ్గులనుబట్టి ఆ రేణువుల అయస్కాంత దిక్కు అటూ ఇటూ తిరిగి, అలాగే నిలిచిపోతుంది. మళ్లీ ఆ టేపును హెడ్ ముందు నడిపిస్తే, రేణువుల అమరికనుబట్టి అదే కరెంటు పుడుతుంది, అదే మాట వినిపిస్తుంది. పెన్ను లేదు, సిరా లేదు. అందువలన దానిని చెరపడమూ అంతే తేలిక. ఈ మాట గుర్తుంచుకోండి.

1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో 'మాగ్నెటోఫోన్' అనే టేపు యంత్రాన్ని చూపించారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక జాన్ మల్లిన్ అనే అమెరికా సైనికోద్యోగి అలాంటి రెండు యంత్రాలను విడదీసి, పార్శిళ్లలో తన దేశానికి పంపుకున్నాడు. 1947 నుండి అమెరికా రేడియో కార్యక్రమాలు టేపు మీదికి రావడం మొదలైంది.

ఈ సంవత్సరాల పక్కన మన రెండు జిల్లాల పెద్దలను పెట్టి చూడండి. శ్రీకాకుళం గడ్డకు చెందిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల మధ్య తిరిగి, వారి నోటి మాటను తన చెవితో పట్టి, కాగితం మీద పెట్టి, 1931లో సవర భాషకు వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువరించారు. 1940లో కన్నుమూశారు. బెర్లిన్‌లో అప్పటికే టేపు తిరుగుతున్నది. కానీ పంతులుగారికి చెవి, కలమే ఆధారం. విజయనగరపు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు 1945లో వెళ్లిపోయారు. ఆయన కాలంలోనూ మన వైపు టేపు రాలేదు. అదే ఊరి సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1964 వరకు జీవించారు. కాబట్టి ఆయన వయొలిన్ నాదం ఆకాశవాణి వారి భాండారంలో మిగిలింది. మధ్యలో ఏమి జరిగింది? టేపు వచ్చింది, అంతే.

1963 ఆగస్టులో ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మొదలైంది. అదే సంవత్సరం ఫిలిప్స్ కంపెనీ జేబులో పట్టే క్యాసెట్టును లోకానికి చూపించింది. మన సువార్త ప్రసారాలు కూడా టేపుకు రుణపడి ఉన్నాయి. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల నుండి ఫీబా రేడియో 1970 మొదలు 2003 వరకు షార్ట్‌వేవ్‌లో ప్రసారాలు చేసింది. మన దేశపు స్టూడియోలలో మన భాషలలో రికార్డు చేసిన టేపులు ఆ దీవులకు ప్రయాణమై వెళ్లేవి. అక్కడి నుండి అదే మాట గాలిలో తిరిగి మన పల్లెలకు వచ్చేది. మనిషి దాటలేని సముద్రాన్ని ఒక రీలు దాటి వెళ్లింది.

ఇప్పటివరకు చెప్పినది శబ్దం సంగతి. టేపు మరొక పనికి కూడా కుదిరింది. అది లెక్కలు దాచే పని. రేణువుల అయస్కాంతాన్ని ఒక దిక్కుకు తిప్పితే ఒకటి, రెండవ దిక్కుకు తిప్పితే సున్నా అనుకుందాం. అప్పుడు పాటను దాచిన పట్టీయే అంకెలనూ దాచగలదు. 1951లో అమెరికా జనాభా లెక్కల శాఖకు 'యూనివాక్' అనే కంప్యూటరు చేరింది. దానికి అంకెలు దాచే టేపులు ఉన్నాయి. అయితే అవి లోహపు పట్టీలు. 1952లో ఐబీఎం కంపెనీ ప్లాస్టిక్ టేపుతో పనిచేసే 726 అనే యంత్రాన్ని ప్రకటించింది. అంతకుముందు సమాచారమంతా చిల్లులు పొడిచిన అట్టకార్డుల మీద ఉండేది. గదుల నిండా కార్డులు! ఒక్క రీలులో వేల వేల కార్డుల సమాచారం ఇమిడిపోయింది.

కానీ ఒక చిక్కు వచ్చింది. కంప్యూటరు టేపును ఒక్క ఉదుటున కదిలిస్తుంది, మళ్లీ ఒక్క ఉదుటున ఆపుతుంది. బరువైన రీలు అంత త్వరగా తిరగలేదు, పలుచని టేపు తెగిపోతుంది. దీనికి ఐబీఎం ఇంజనీర్లు రీలుకూ హెడ్‌కూ మధ్య గాలిని లాగే ఒక గొట్టం పెట్టారు. టేపు ఆ గొట్టంలోకి వదులుగా వేలాడుతుంది. కుదుపును ఆ వదులు మింగేస్తుంది. పాత సినిమాలలో కంప్యూటరు అనగానే గుండ్రని రీళ్లు గిర్రున తిరుగుతూ, ఆగుతూ, మళ్లీ తిరుగుతూ కనిపించేవి కదా, అవి ఇవే.

మన తెలుగు నేల మీద ఈ టేపు చేసిన పని ఒకటి చెబుతాను. 1974లో హైదరాబాదులో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. 2008 నుండి దానినే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ అంటున్నారు. ఆ సంస్థ షాద్‌నగర్ దగ్గర పెద్ద యాంటెన్నాలతో ఒక కేంద్రం కట్టింది. 1979 నుండి అమెరికావారి లాండ్‌శాట్ ఉపగ్రహం పంపే భూమి చిత్రాలను అక్కడ అందుకోవడం మొదలుపెట్టారు. ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది కొన్ని నిమిషాలు మాత్రమే. ఆ కొద్ది నిమిషాలలో సెకనుకు కోటిన్నర అంకెల చొప్పున సమాచారం వచ్చి పడేది. 'కొంచెం ఆగు' అని ఉపగ్రహాన్ని బతిమాలుకోలేము. వచ్చినది వచ్చినట్టు పట్టుకోవాలి. ఆ రోజుల్లో దానిని పట్టుకోగలిగినవి పెద్ద పెద్ద రీళ్లలో వేగంగా తిరిగే టేపులే. 1988 మార్చి 17న మన సొంత ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ ఆకాశానికెక్కినప్పుడు దాని చిత్రాలూ అలాగే టేపుల మీదికి దిగాయి. వాటిని కావలసిన వారికి అర అంగుళం వెడల్పు, 2400 అడుగుల పొడవు గల కంప్యూటరు టేపులలో నకలు తీసి ఇచ్చేవారు.

వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే చోటు మీరు చూసే ఉంటారు. ఇసుక మేటలు ఏటేటా చోటు మారుతుంటాయి. నలభై ఏళ్ల క్రితం ఆ మేట ఎక్కడ ఉన్నది? తుఫానుకు ముందు ఉద్దానంలో తోటలు ఎంతమేర ఉన్నవి? పోయినదెంతో తెలియాలంటే ఉన్నదెంతో ముందు తెలియాలి. ఉన్నదెంతో చెప్పేవి పాత చిత్రాలే. నిన్నటి రోజుకు మళ్లీ ఉపగ్రహాన్ని పంపలేము కదా!

ఇంత విలువైన టేపును మనుషులు ఎప్పుడూ జాగ్రత్తగానే చూసుకున్నారా? లేదు. 1969లో మనిషి చంద్రుని మీద అడుగుపెట్టినప్పుడు అక్కడి నుండి నేరుగా వచ్చిన సంకేతాలను భూమి మీద టేపులలో పట్టారు. టీవీలో ప్రసారమైన బొమ్మ కన్నా ఆ సంకేతాలలోని బొమ్మ స్పష్టమైనది. కొన్ని సంవత్సరాల తరువాత వాటికోసం వెదికితే దొరకలేదు. 2009లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన విచారణ ఫలితం చెప్పింది. కొత్త టేపులు చాలక, పాతవాటిని చెరిపి మళ్లీ వాడుకున్న వాటిలో అవి కూడా పోయి ఉంటాయని. ప్రసారమైన బొమ్మ వేరే చోట్ల ఉన్నది కనుక ఆ దృశ్యం మనకు దక్కింది. మొదటి టేపు మాత్రం పోయింది. ఎవరూ పగతో చేసినది కాదు. ఆ రోజు పనికి ఒక టేపు కావలసి వచ్చింది, అంతే.

చెరపకపోయినా టేపుకు ఆయుష్షు ఉన్నది. రేణువులను పట్టుకున్న జిగురు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొన్నాళ్లకు అది బంకబంకగా మారి, హెడ్‌కు అంటుకుని, పొడి రాలిపోతుంది. మన సముద్రతీరపు గాలి సంగతి మీకు తెలిసినదే. చల్లని, పొడిగా ఉన్న గదిలో నిలిచే టేపు మన రేకు పెట్టెలో నిలవదు. దీనికంటె పెద్ద చిక్కు ఇంకొకటి. టేపు బాగానే ఉంటుంది, దానిని చదివే యంత్రమే లోకంలో లేకుండా పోతుంది. అందుకే పెద్ద భాండారాలవారు ఒక పని మానకుండా చేస్తారు. పాత టేపులోనిది కొత్త టేపులోకి, అది పాతబడకముందే ఇంకా కొత్తదానిలోకి ఎక్కిస్తూ ఉంటారు. ఆకాశవాణి కూడా 2001లో తన పాత టేపులను డిజిటల్ రూపంలోకి మార్చే పని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది.

ఇదేమీ కొత్త సంగతి కాదు. యెహోయాకీము రాజు గ్రంథపు చుట్టను కోసి కుంపటిలో వేసినప్పుడు యిర్మీయా మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ వ్రాశాడు. అపొస్తలులు స్వహస్తాలతో వ్రాసిన పత్రికలేవీ నేడు మన చేతిలో లేవు. మన చేతికి వచ్చినవన్నీ నకలు వెంట నకలు వ్రాసినవారి కష్టమే.

"అయ్యగారూ, ఇప్పుడు అన్నీ ఫోనులో ఉన్నాయి, ఇక టేపుతో పనేమిటి?" అని మీరు అడగవచ్చు. వినండి. మన కంటికి కనబడడం లేదు గాని టేపు చావలేదు. 2000వ సంవత్సరంలో ఎల్‌టీఓ అనే కొత్త తరహా టేపు వచ్చింది. అరచేతిలో పట్టే చిన్న డబ్బా, లోపల ఒకే రీలు. మొదటిదానిలో 100 గిగాబైట్లు పట్టేవి. 2021లో వచ్చిన తొమ్మిదవ తరం టేపులో 18 టెరాబైట్లు పడతాయి. 2025లో వచ్చిన పదవ తరంలో 30 టెరాబైట్లు. షాద్‌నగర్‌లో నకలు తీసి ఇచ్చిన ఆ 2400 అడుగుల రీళ్లు లక్షకు పైగా కలిస్తేనే గాని ఒక్క తొమ్మిదవ తరం డబ్బాతో సమానం కావు. అయితే ఇక్కడ కూడా ఆ పాత హెచ్చరికే. పదవ తరం యంత్రం తొమ్మిదవ తరం టేపును చదవదు. నకలు తీసే పని ఎన్నటికీ తీరదు.

స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయంలో అణువులకంటె చిన్నవాటిని ఢీకొట్టి చూసే సమాచారమంతా టేపులలోనే దాస్తున్నారు. 2017 నాటికే అది 200 పెటాబైట్లు దాటింది. పెటాబైటు అంటే వెయ్యి టెరాబైట్లు. ఎందుకు టేపే? కారణాలు మూడు. మొదటిది, ఖర్చు తక్కువ. రెండవది, అల్మరాలో ఉన్న టేపు కరెంటు తినదు. మూడవది అన్నిటికంటె ముఖ్యము. యంత్రంలో నుండి తీసి పక్కన పెట్టిన టేపును ఏ వైరసూ అంటుకోలేదు, ఏ దొంగా దూరం నుండి తాళం వేయలేడు. అవును, అందులోనిది వెదికి తీయాలంటే కొంచెం ఆలస్యమే. కానీ ఆ తీగ తెగిన దూరమే దానికి రక్షణ.

2011 ఫిబ్రవరిలో ఏమి జరిగిందో చూడండి. గూగుల్ వారి ఈమెయిలు వాడేవారిలో కొందరు ఒక ఉదయం లేచి చూస్తే వారి ఉత్తరాలన్నీ మాయమైనాయి. ఆ కంపెనీ ప్రతి ఉత్తరానికీ అనేక నకళ్లు వేర్వేరు చోట్ల ఉంచుతుంది. అయినా సాఫ్ట్‌వేరులోని ఒక తప్పు ఒకేసారి ఆ నకళ్లన్నిటినీ దెబ్బతీసింది. చివరికి ఆదుకున్నదేమిటి? విడిగా తీసి ఉంచిన టేపులు! వాటిలోనుండి ఉత్తరాలను తిరిగి నింపి ఇచ్చారు. లోకమంతా పాతదని నవ్విన వస్తువే, లోకంలోని అతి కొత్త కంపెనీని కాపాడింది.

ఇప్పుడు మళ్లీ మా ఊరి పెట్టె దగ్గరికి రండి. ఆ పదకొండు క్యాసెట్లను నీడలో ఆరబెట్టి, విశాఖపట్నంలో ఆ పని తెలిసినవారికి ఇచ్చాము. బూజు పట్టిన టేపును తొందరపడి ప్లేయరులో వేయకూడదని, వేస్తే టేపుతోపాటు యంత్రమూ పాడవుతుందని వారే చెప్పారు. ఎనిమిది దక్కాయి. ఉపదేశిగారి పేరు వ్రాసి ఉన్న క్యాసెట్టు కూడా చక్కగా పలికింది. కానీ అందులో ఉపదేశిగారు లేరు. క్రిస్మసు పాటలు నేర్చుకుంటున్న కుర్రకారు ఉన్నారు. వారిలో అందరికంటె గట్టిగా, రాగం తప్పి పాడుతున్న గొంతు నాదే. 1990లలో యౌవనుల కూటమికి టేపు రికార్డరు బాధ్యత నాకిచ్చారు. కొత్త క్యాసెట్టుకు డబ్బులు లేవు. పెట్టెలో ఉన్నది తీసి, ఎవరినీ అడగకుండా రికార్డు బటన్ నొక్కాను. అరగంట పాట ప్రాక్టీసు కోసం ఒక మనిషి జీవితకాలపు గొంతును చెరిపివేశాను. తుఫాను చేయని నష్టం నేను చేశాను.

ప్రియ శ్రోతలారా, నాసావారి సంగతి చదివి నేను నవ్వలేకపోవడానికి కారణం ఇదే.

ఆ తల్లి దగ్గరకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పోనీలే బాబూ. ఆ పాట నాకు నోటికొచ్చు. మా అయ్య ఎలాగ పాడీవోడో అలాగే పాడతాను. ఈపాలి మాత్రం సెరపకండి" అన్నది. గుమ్మంలో కూర్చుని పాడింది. ఫోనులో రికార్డు చేశాను. ఇప్పుడు దానికి మూడు నకళ్లు ఉన్నాయి. ఒకటి మా ఇంట్లో, ఒకటి విజయనగరంలో ఆమె మనుమరాలి దగ్గర, ఒకటి ఏ తీగా తగలకుండా మందిరపు బీరువాలో. తండ్రి గొంతు పోయింది. ఆ గొంతు నేర్పిన రాగం, కూతురి గొంతులో మిగిలింది.

కాబట్టి ఈ వారం మీ ఇంటి పెట్టె, మీ సంఘపు బీరువా ఒకసారి తెరవండి. క్యాసెట్లు ఉంటే వాటి మీద ఏమి వ్రాసి ఉన్నదో చూడండి. ఏమీ వ్రాయకపోతే, అందులో ఎవరున్నారో తెలిసిన పెద్దలు బ్రతికి ఉండగానే అడిగి వ్రాయండి. వాటిని చదివే యంత్రం ఊరిలో ఉండగానే నకలు తీయించండి. బాప్తిస్మపు రిజిస్టరుకు, పెండ్లి రిజిస్టరుకు ఫోటోలు తీయించండి. ఒక నకలు వేరే ఊరిలో, సముద్రానికి దూరంగా ఉంచండి. అన్నిటికంటె ముందు, పాతదాని మీద కొత్తది ఎక్కించబోయే చెయ్యి ఒక్క నిమిషం ఆగి, "ఇందులో ఎవరున్నారు?" అని అడగాలి. నేను అడగలేదు. మీరు అడగండి.